తెల్ల రిబ్బన్ల తీగలు

బిందుశ్రీ బతుకులో కావలసినవన్నీ ఒకే ముళ్ళకంచె లోపల ఉన్నాయి. అమ్మానాన్నలు ఆ కంచె లోపలే ఉంటారు. వాళ్ళు తలదాచుకునే రేకుల ఇల్లు అక్కడే ఉంది. డాక్టరేటు కోసం ఆమె నూరి, వడగట్టి, కొలిచే ద్రాక్షాకులూ అక్కడివే. కంచెకి ఒకటే గేటు, గేటుకి ఒకటే తాళం, ఆ తాళం మన్మథరావుది. బతుకంతా ఇంత సదుపాయంగా ఒక్కచోట అమరినందుకు సంతోషించాలో భయపడాలో మొదట్లో ఆమెకే తెలియలేదు.

మన్మథరావు రాయగడ బజార్లో ఉల్లీ, అల్లం, చింతపండు అమ్మే టోకు వ్యాపారి. తాతల నాడు పార్వతీపురం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఒకసారి నాసిక్ వెళ్ళి ద్రాక్షతోటలు చూసొచ్చాడు. అప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదు. "కోరాపుట్ కొండల్లో కాఫీ పండగా లేంది ద్రాచ్చ పండదేటి?" అని దసమంతపూర్ దారిలో ఒక కొండవాలు లీజుకి తీసుకుని పందిళ్ళు వేయించాడు. బజార్లో అందరూ నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. డబ్బున్నవాడి సరదాకి ముందు నవ్వేదీ జనమే, తర్వాత చప్పట్లు కొట్టేదీ జనమే కదా.

బిందుశ్రీ తండ్రి ఆదిశేషు రాయగడ మున్సిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పే పని చేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నప్పుడు మన్మథరావే కబురు పెట్టి, "శేషూ, నా తోటకి కాపలా ఉండు. ఇల్లుంది. మీ ఆవిడ బుల్లికీ పని ఇస్తాను" అన్నాడు. అంతకు ముందున్న కాపలావాడి మేకలు రెండు తీగలు కొరికాయని వాణ్ణి ఒక్క పూటలో సామానుతో సహా రోడ్డు మీద నిలబెట్టిన సంగతి కూడా ఆ నోటితోనే చెప్పాడు. "నా తీగ మీద ఇనుం ముక్క గీత పడకూడదు. కత్తిరింపులకి నాసిక్ మనిషి వస్తాడు. ఇంకెవడు కత్తెట్టినా పోలీసు కేసే" అన్నాడు. ఆదిశేషు రెండు చేతులూ జోడించాడు.

తోటలో కింది వరుసలకి బూజు తెగులు పట్టింది. ఆకు మీద నూనె బొట్టు పడ్డట్టు పసుపు మచ్చ కనిపిస్తుంది, ఆకు తిరగేస్తే అడుగున తెల్లటి బూజు ఉంటుంది. పై వరుసలు మాత్రం పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కోరాపుట్‌లో ఒక కాలేజీలో పరిశోధన చేస్తున్న బిందుశ్రీకి ఇది దొరకని అవకాశం. మొక్కకి డాక్టరు లేడు, కాళ్ళు లేవు కాబట్టి పారిపోనూ లేదు. రోగం వచ్చిందంటే తన మందు తనే తయారు చేసుకోవాలి. ఆ మందు జబ్బు తీగలో ఎంతుంది, ఆరోగ్యంగా ఉన్న తీగలో ఎంతుంది, ఇదీ ఆమె లెక్క తేల్చవలసింది. జబ్బువాటికి ఎర్ర రిబ్బన్లు, మంచివాటికి తెల్ల రిబ్బన్లు కట్టింది. వస్తున్నట్టు ముందురోజు అమ్మకి ఫోన్ చేసేది, వచ్చి ఆకులు కోసి, ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సులో కోరాపుట్ పట్టుకెళ్ళేది. ఆకు నూరి తీసిన రసాన్ని గాజు గొట్టంలో పోసి రసాయనం చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే తీగ అంత మందు చేసుకున్నట్టు.

పుస్తకాల ప్రకారం జబ్బు తీగల్లో నీలం చిక్కగా రావాలి. తిరగబడింది. ఎర్ర రిబ్బన్ల గొట్టాలు లేత నీలంగా మిగిలిపోతే, తెల్ల రిబ్బన్లవి సిరా ఒలికినట్టు చిక్కగా వచ్చాయి. ఆమె నమ్మక మళ్ళీ చేసింది. మళ్ళీ అలాగే వచ్చింది. మూడు పంటకార్లు గడిచినా అదే వరస.

గైడు దేబాశిష్ బాబు ఆ గొట్టాల్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఏళ్ళ తరబడి ప్రమోషన్ రాని మనిషి, అంతే. "బిందూ, ఈ తీగలు పుట్టుకతోనే కవచం కట్టుకుని వచ్చాయి. రోగం రాకముందే మందు సిద్ధం చేసుకుని కూర్చున్నాయి!" అన్నాడు ఒడియాలో. పేపరు రాశాడు, సభలో చదివాడు. మన్మథరావు చెవిన వెయ్యడం ఆలస్యం, ఆయన పై వరుసల నుంచి కొమ్మలు కోయించి నల్ల సంచుల్లో వేళ్ళు పట్టించడం మొదలెట్టాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొక్కలు చిగురెయ్యక ముందే వాటికి 'కవచ ద్రాక్ష' అని పేరు కూడా పెట్టేశాడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులకి పంచి, పండిన పంటంతా తనే కొనాలని ఆయన ఆలోచన.

ఆ రైతుల్లో కుంతి ఒకతె. తోటకి కింద, గెడ్డ వాగు పక్కన ఆమె పొలం చెక్క ఉంది. అల్లం వేస్తుంది. బుల్లికి స్నేహితురాలు. వితంతువు, ఒంటి చేత్తో ఇద్దరు పిల్లల్ని పెంచుకొస్తోంది. ఒక ఆదివారం బుల్లి పెట్టిన టీ తాగుతూ బిందుశ్రీ మొహంలోకి చూసి, "నునీ" అంది. ఆడపిల్లని ఆ కొండల్లో మాట్లాడే దేశియా భాషలో అలాగే పిలుస్తారు. "తోట బాబు చెప్తాడు, కాలేజీ సారు చెప్తాడు. వాళ్ళ మాట నాకెందుకు? నువ్వు బుల్లి కడుపున పుట్టావు. నువ్వు చెప్పు. అల్లం తీసేసి ఇది పెడితే రోగం రాదు కదా?"

"రాదు" అంది బిందుశ్రీ. తను కళ్ళారా చూసిన నీలం కదా, ఆ మాట అనడానికి ఆమెకి క్షణం కూడా పట్టలేదు.

*

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, దేబాశిష్ బాబు జీపు దసమంతపూర్ బ్లాకాఫీసుకి వెళ్తోంది. మొక్కల పంపిణీ సభకి ఏర్పాట్లు చూడాలి. బిందుశ్రీ అంతకు ముందే తల్లికి "రేపొస్తానమ్మా" అని ఫోన్ చేసింది. జీపు దొరికేసరికి ఆ రోజే ఎక్కేసింది. తోట మలుపులో దిగి, గేటు ఓరగా వేసుంటే తోసుకుని లోపలికి వచ్చింది. పంపు గది దాటబోతుంటే తండ్రి గొంతు వినిపించింది.

"ఓసి గొడ్డు తీగా! నీళ్ళు తాగుతావు, ఎరువు మింగుతావు, ఒక్క గుత్తి కాయవేటే? నరికేస్తాను! ఇయ్యాళ నిన్ను నరికేస్తాను!"

ఆదిశేషు జన్మలో గొంతెత్తి అరిచిన మనిషి కాడు. బిందుశ్రీ ఆగిపోయింది. పంపు గది గోడకి ఆనుకుని తొంగి చూసింది. తండ్రి చేతిలో చిన్న గొడ్డలి ఉంది. ఎత్తాడు. తల్లి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు మావా, ఒద్దు! సిన్నపిల్ల, తెలవక కాయనేదు. ఈపాలికి ఒగ్గీ. వచ్చే కారుకి కాస్తాది, నాను పూసీ!"

"నువ్వు పూసీ పడతావేటి?"

"పడతాను!"

"సరే, నీ మొకం సూసి ఒగ్గేస్తన్నాను" అని ఆదిశేషు గొడ్డలి దించి, ఎడమ కొమ్మ మీద, తన ఎత్తున, ఒక చిన్న గాటు పెట్టాడు. బుల్లి చీపురుకట్టతో ఆకుల మీద నాలుగు దెబ్బలు వేసి, పసుపు కలిపిన మట్టి గాటు మీద మెత్తింది. ఇద్దరూ పక్క తీగ దగ్గరికి నడిచారు. దానికీ తెల్ల రిబ్బనే. మళ్ళీ అదే తగువు మొదటి నుంచీ.

"కాస్త గట్టిగా తిట్టు మావా. బతిమాలినట్టు తిడితే అది ఇంటాదేటి?" అంది బుల్లి నవ్వు ఆపుకుంటూ.

కాయని చెట్టుని బెదిరించడం వాళ్ళ ఊళ్ళవైపు పాత ఆచారమే. బిందుశ్రీ చిన్నప్పుడు పార్వతీపురం దగ్గర పెద్దమ్మగారింట్లో పనస చెట్టుని అలాగే బెదిరించారు. ఒకరు నరుకుతానంటారు, ఒకరు అడ్డుపడి హామీ ఇస్తారు, చెట్టు సిగ్గుపడి కాస్తుంది. అసలైతే గ్రహణం నాడు చెయ్యాలి. గ్రహణం ఎప్పుడొస్తుంది, పిల్ల ఎప్పుడొస్తుంది? బుల్లి పంచాంగాన్ని మార్చేసింది.

"రేపు అమ్మి వస్తాది. వచ్చి తన తీగలు సూసుకుంటాది. ఒక్క పూతైనా కనపడాల గదా" అంటోంది ఆమె. "పిల్ల రిబ్బన్లు కట్టుకున్న తీగలు ఇలా గొడ్డుమోతుల్లా నిలబడితే దాని సదువు ఏటి కాను?"

ఆదిశేషు కింది వరుసకేసి చూసి, "మరి ఎర్రయి?" అన్నాడు.

"సీ, వాటి జోలికెళ్ళకు. జబ్బుదాన్ని కొడతారేటి ఎవరైనా? పాపం గాదూ?"

బిందుశ్రీకి ముందు నవ్వొచ్చింది. తల్లి మీద పుట్టెడు ప్రేమ పొంగుకొచ్చింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఒళ్ళు చల్లబడింది. తీగ మందు చేసుకునేది రోగానికొక్కదానికే కాదు. గాయమైనా చేసుకుంటుంది. ఆ సంగతి ఆమె చదివిన మొదటి పుస్తకంలోనే ఉంది. తను ఫోన్ చేసిన ప్రతిసారీ వీళ్ళు తెల్ల రిబ్బన్ల తీగలకి గాట్లు పెట్టారు. మర్నాడు తను వచ్చి, ఆ దెబ్బకి మందు పొంగిన ఆకులే కోసుకెళ్ళింది. కొమ్మల మీద మట్టి పూతలు చూసి కూడా, నాసిక్ మనిషి కత్తిరింపుల మీద వేసిన పూతలే అనుకుంది. కవచమూ లేదు, గివచమూ లేదు. పై వరుసలకి ఎండా గాలీ తగిలి ఆకు తొందరగా ఆరుతోంది కాబట్టి బూజు పట్టలేదు, అంతే సంగతి. గెడ్డ పక్కన, ఎప్పుడూ మంచు కమ్ముకునే కుంతి చెక్కలో పెడితే, ఆ తీగలు ఒక్క వానాకాలం నిలవవు.

ఆమె చప్పుడు కాకుండా గేటు దాకా వెనక్కి నడిచింది. బయటికెళ్ళి, గట్టిగా దగ్గి, గేటు చప్పుడు చేస్తూ మళ్ళీ వచ్చింది. బుల్లి ఎదురొచ్చింది. చీపురు ఎక్కడో మాయమైంది. ఆదిశేషు ఆ గొడ్డలితోనే పొయ్యిలోకి పుల్లలు కొడుతున్నాడు.

"ఓలమ్మీ, రేపన్నావు గదే!" అంది బుల్లి. కూతురు వచ్చిందన్న సంతోషం కంటే పూత రాకముందే వచ్చేసిందన్న దిగులే ఆమె మొహంలో కనిపించింది.

*

ఒకవేళ తను పొరపాటు పడిందేమో. ఆ ఆశ ఒకటి మిగిలింది. తర్వాతిసారి ఫోన్ చెయ్యకుండా వెళ్ళింది. పాత గాట్లు మానిపోయి, కొత్త గాటు లేని తీగల ఆకులు కోసుకొచ్చింది. రసాయనం చుక్క వేసి గొట్టాలు వరుసగా నిలబెట్టింది. తెల్ల రిబ్బన్ల నీలం, ఉతికి ఉతికి వెలిసిపోయిన యూనిఫాం రంగులో వచ్చింది. ఎర్ర రిబ్బన్లదే దానికంటే నయం.

సాయంత్రం దేబాశిష్ బాబు గదిలోకి వెళ్ళి, "సార్, ఆ తీగలకి గాయాలున్నాయి. ఆకు కోసే ముందురోజే ఎవరో గాట్లు పెడుతున్నారు. మన లెక్క తప్పు" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు?"

బిందుశ్రీ బల్ల మీది కాగితాల వైపు చూసింది.

"ఎవరో తెలియకుండా, ఎప్పుడో తెలియకుండా, నేను లోకానికి ఏమని చెప్పను? సభ వచ్చే వారమే. మన్మథరావు ఊరుకుంటాడా? తోటలో పోలీసుల్ని దింపుతాడు. కాపలావాణ్ణే ముందు పట్టుకుంటారు." ఆగి, ఆమె మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు. "కాపలా మీ నాన్నే కదూ? పిచ్చిపిల్లా, ఇంటికెళ్ళి పడుకో. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం. పరిశోధన అన్నాక తప్పొప్పులు ఉంటాయి."

వచ్చే ఏడు అంటే కుంతి అల్లం లేని ఏడు. చెప్తే అమ్మానాన్నలు రోడ్డు మీద. చెప్పకపోతే కుంతి రోడ్డు మీద. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటారు గానీ, పోకచెక్క నయం, దానికి తెగే దాకానే బాధ. బిందుశ్రీ హాస్టల్ గదిలో తింటున్నా, బస్సు కిటికీ పక్కన కూర్చున్నా, లాబులో గొట్టాలు కడుగుతున్నా ఆ గాట్ల గురించే ఆలోచించేది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తడానికి భయం వేసేది. ఎత్తితే అమ్మ గొంతులో ఉత్సాహం. "కుంతి అల్లం దుంపంతా తవ్వించేస్తందంట. నీ మొక్కల కోసం పందిరి రాటలు కూడా తెచ్చీసింది. నీ మాటంటే దానికి ఎంత గురో!"

నేరుగా కుంతికే చెప్పేస్తే? సభకి ముందురోజు గెడ్డ దాటి ఆమె చెక్కకి వెళ్ళింది. సగం చెక్కలో మట్టి తిరగబడి ఉంది. ఒడ్డున కర్రరాటలు పేర్చి ఉన్నాయి.

"కుంతీ, ఈ ఏడు వద్దు. అల్లమే ఉంచుకో."

కుంతి పార ఆపింది. "ఎందుకు?"

"ఎందుకని అడక్కు. నా మాట విను."

"రోగం రాదన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు వస్తుందా?"

అవునంటే ఎలా తెలిసిందని అడుగుతుంది. ఆ తర్వాత ఎవరని అడుగుతుంది. సాయంత్రానికి ఆ మాట బుల్లికి చేరుతుంది, రాత్రికి మన్మథరావుకి. బిందుశ్రీ తలొంచుకుంది. కుంతి కాసేపు చూసి, చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో స్నేహం లేదు. "మొక్కలు తక్కువున్నాయా నునీ? మీ వాళ్ళకే సరిపోవా? నాకు దక్కకూడదా?" అని మళ్ళీ పార ఎత్తింది. సగం నిజం చెప్పబోతే ఇంతే. అబద్ధానికైనా కాళ్ళుంటాయి, సగం నిజానికి అవీ ఉండవు.

*

సభ తోట గేటు ముందే. షామియానా, కుర్చీలు, మైకు. బల్లల మీద నల్ల సంచుల్లో చిగురేసిన ద్రాక్ష మొక్కలు. చుట్టుపక్కల ఊళ్ళ జనం మంచులో కంబళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ఆదిశేషు ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచినీళ్ళు అందిస్తున్నాడు. బుల్లి ఆడవాళ్ళ మధ్య కూర్చుని, "ఆ మైకు పక్కనున్నది మా పిల్లే" అని చెప్పినవాళ్ళకే మళ్ళీ చెబుతోంది. కుంతి ముందు వరుసలో ఉంది. రెండు సంచులు అప్పుడే ఒళ్ళో పెట్టుకుంది.

మన్మథరావు మాట్లాడాడు. దేబాశిష్ బాబు మాట్లాడాడు. "ఇక ఈ తీగల కవచం కనిపెట్టిన మా బిందుశ్రీ" అని మైకు ఇచ్చాడు.

బస్సు దిగినప్పటి నుంచీ ఆమె ఒక మాట తయారు చేసుకుని ఉంది. దారులన్నీ మూసుకుపోయాక గోడకి తనే కన్నం పెట్టుకోవాలి. గాట్లు ఎవరివో చెప్పనిదే ఎవరూ నమ్మరు. చెప్పాలి. అయితే ఆ పేరు తనదే ఎందుకు కాకూడదు?

"ఈ మొక్కలకి కవచం లేదు" అంది ఒడియాలో. మైకు కీచుమంది. "వీటికీ రోగం వస్తుంది. గెడ్డల పక్కన ఇంకా తొందరగా వస్తుంది. పై వరుస తీగల్లో మందు ఎక్కువ కనిపించింది గాయాల వల్ల. ఆకు కోసే ముందురోజు ఆ కొమ్మలకి గాట్లు పెట్టింది నేనే. గుర్తు కోసం పెట్టాను. గాయానికి అలా అవుతుందని ఆలోచించలేదు. తప్పు నాది. ఎవరూ ఇవి నాటొద్దు."

దేబాశిష్ బాబు మొహంలో ముందు భయం, వెంటనే ఏదో ఒడ్డు దొరికిన తెరిపి. లేచి నిలబడ్డాడు.

"రిబ్బన్లు కట్టి ఉండగా గాటు గుర్తెందుకు?" అని అడిగాడు, అందరికీ వినపడేలా.

ఇన్ని దారులు ఆలోచించిన పిల్ల ఈ ఒక్క ప్రశ్న ఆలోచించలేదు.

"లెక్క బాగా రావాలనే పెట్టావా? కావాలనే?"

కాదంటే మళ్ళీ మొదటికి వస్తుంది. బిందుశ్రీ తల దించుకుంది. దించిన తల అవునన్నట్టే అయింది. "నా నమ్మకాన్ని వాడుకుంది. ఈ క్షణం నుంచి ఈ అమ్మాయి నా దగ్గర లేదు" అని దేబాశిష్ బాబు సభకి చేతులు జోడించాడు. నిజంగానే ఆయనకి బాధ కలిగి ఉండొచ్చు. ఐదేళ్ళ చదువు ఆ నమస్కారంతో తుడిచిపెట్టుకుపోయింది.

మన్మథరావు మాటలకైతే కొదవ లేదు. "నా తీగ మీద ఇనుం పెట్టేవా? నా ఉప్పు తిని, నా ఇంటి కప్పు కింద పడుకుని?" అని ఊగిపోయాడు. కేసన్నాడు, పోలీసులన్నాడు. బ్లాకాఫీసు మనిషి సర్ది చెప్పాడు. చివరికి ఆదిశేషు వైపు తిరిగాడు. మంచినీళ్ళ జగ్గు చేత్తో పట్టుకుని కొయ్యబారి నిలబడ్డ మనిషిని చూసి కాస్త మెత్తబడ్డాడు. "శేషూ, నువ్వు నిజాయితీపరుడివి. నువ్వుండు, నీ భార్యని ఉండనీ. నీ కూతురు మాత్రం ఈ గేటు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. పెట్టిందని తెలిస్తే ఆ రోజే ముగ్గురూ బయటికి."

జనం లేచారు. ఒక్కొక్కరే సంచులు బల్ల మీద తిరిగి పెట్టేసి వెళ్ళారు. కుంతి కూడా పెట్టింది. వెళ్తూ బిందుశ్రీ ముందు ఒక్క క్షణం ఆగింది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "మిగిలిన సగం తవ్వను" అని కంబళి కప్పుకుని గెడ్డ వైపు దిగిపోయింది. బిందుశ్రీకి అన్ని రోజుల్లో మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

*

కోరాపుట్ బస్సు రావడానికి ఇంకా టైముంది. షామియానా విప్పుకుపోయారు. బిందుశ్రీ గేటు బయట రాయి మీద కూర్చుంది. లోపల పొయ్యి పొగ వాసన వస్తోంది. బుల్లి గేటు దగ్గరకొచ్చి, కమ్మీల మధ్య నుంచి స్టీలు డబ్బా ఇచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తిను. పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు నువ్వు." కాస్త ఆగి, "అమ్మీ, నిజంగా నువ్వే గాట్లు పెట్టేవేటే?" అంది.

"ఊఁ."

బుల్లి వెనక్కి చూసింది. మొగుడు పంపు గది దగ్గరున్నాడు. కమ్మీలకి మొహం ఆనించి గొంతు తగ్గించింది. "ఒక మాట సెప్తాను, కోప్పడకు. మేం కూడా సీపురుతో కొట్టేం. మీ నాన్నా, నానూ. నీ తీగలు కాయటం నేదని బెదిరించేం. నువ్వొక్కర్తివే కాదే. నాను ఎల్లి తోట బాబుతో సెప్పీమంటావేటి? సగం తప్పు మాదని సెప్తాను. సగమైనా తగ్గుద్ది గదా నీకు."

ఎదురుగా నిలబడి, తన తప్పేమిటో తెలియకుండానే అందులో వాటా అడుగుతోంది తల్లి.

"వద్దమ్మా. ఎవరితోనూ అనకు. ఎప్పుడూ అనకు."

"మరి మేం కొట్టిందానికి ఏటైనా సెడిందేటే? నీ సదువుకి?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. చెప్పేస్తే తనకి తేలిక. ఆ తర్వాత ఈ మనిషి ఏ పూటా అన్నం సరిగ్గా తినదు, కూతురి మొహంలోకి సరిగ్గా చూడదు. పొద్దున్న ఒక్క అబద్ధంతో బయటపడ్డాననుకుంది. అది మొదటిదే అన్నమాట.

"లేదమ్మా. మీరు కొట్టిందానికి ఏమీ కాలేదు. చీపురు దెబ్బ తీగకేం తెలుస్తుంది?"

బుల్లి మొహం విచ్చుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మావా, ఇన్నావా? మన వల్ల ఏటీ కానేదంట!" అని కేకేసింది.

ఆదిశేషు తాళం చెవి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. కూతురి వైపు చూశాడు. ఉన్నట్టుండి అడిగాడు. "గాట్లు ఎక్కడ పెట్టేవమ్మీ?"

"మొదళ్ళ దగ్గర నాన్నా" అంది బిందుశ్రీ, ఆలోచించకుండానే.

ఆదిశేషు తల తిప్పి తెల్ల రిబ్బన్ల వరుసకేసి చూశాడు. ఆ తీగల్లో ఒక్కదానికైనా మొదట్లో గాటు లేదు. పొద్దున్నా సాయంత్రం వాటి మధ్య తిరిగే మనిషి. ఉన్నవన్నీ ఎడమ కొమ్మ మీద, తన ఎత్తున, తన చేత్తో పెట్టినవే. ఆయన చెయ్యి గేటు కమ్మీ మీద బిగుసుకుంది.

మలుపులో బస్సు హారన్ వినిపించింది. బిందుశ్రీ డబ్బా సంచిలో పెట్టుకుని, తండ్రి కళ్ళలోకి చూడకుండా రోడ్డు మీదకి నడిచింది.

"అదేటి మావా, అలా అయిపోనావు?" అంటోంది వెనక బుల్లి. "మన తప్పేటీ నేదని పిల్ల సెప్తంది గదా!"